ఆపే ముందు ఒక రేసు

1998 జులైలో నేను ఢిల్లీ మథురా రోడ్డు మీద ఒక విదేశీ కార్ల డీలర్‌షిప్‌లో వారంటీ విభాగం చూసేదాన్ని. కాకినాడ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. ఎయిర్‌ఫోర్స్ సార్జెంటును పెళ్ళి చేసుకుని, ఆయన బదిలీలతో పాటు ఊళ్ళు తిరిగి తిరిగి పాలం క్వార్టర్స్‌కు చేరాను. వర్క్‌షాప్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో కస్టమర్లు నా ముందే నిలబడి "ఇంజనీర్ సాబ్ కహా హై?" అని అడిగేవారు. మీ ఎదురుగానే ఉన్నానని చెప్పీ చెప్పీ నా హిందీ బాగుపడింది.

వారంటీ అంటే ఏమిటో బయటివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. గడువులోగా బండి తన లోపం వల్ల పాడైతే కంపెనీ ఉచితంగా బాగుచేస్తుంది. వాడినవాళ్ళ తప్పు వల్ల పాడైతే చెయ్యదు. ఆ తప్పు ఎవరిదో తేల్చడమే నా ఉద్యోగం. కస్టమర్లు నన్ను కంపెనీ మనిషి అనుకునేవారు, కంపెనీవాళ్ళు కస్టమర్ల మనిషి అనుకునేవారు. ఇరువైపులా మాట పడటం అలవాటైపోయింది.

ఆ నెలలో ఒకరోజు టో ట్రక్కు మీద ఖన్నా గారి కారు వచ్చింది. ముదురాకుపచ్చ రంగు, రెండే తలుపులు, నేలకు ఆనుతుందా అన్నంత కిందికి ఉండే స్పోర్ట్స్ కారు. ప్రత్యేకంగా ఆర్డరిచ్చి తెప్పించుకున్నారు. గుర్గావ్‌లో వాళ్ళకు రెడీమేడ్ బట్టల ఎగుమతి ఫ్యాక్టరీ ఉంది, ఛత్తర్‌పూర్‌లో పెద్ద బంగళా ఉంది. స్పోర్ట్స్ కారు కొనుక్కుని దానికి డ్రైవర్ని పెట్టుకోవడం నేను ఢిల్లీలోనే చూశాను. వెనక సీటు బొమ్మకు కూడా చాలదు కాబట్టి ఖన్నా గారు డ్రైవర్ పక్కనే కూర్చునేవారు. ఆదివారం పూట సరదాకి తనే నడిపినా, ఇల్లు చేరగానే దిగి లోపలికి వెళ్ళిపోయేవారు. బండి షెడ్డులో పెట్టి ఆపే పని ఎప్పుడూ డ్రైవర్‌దే.

ఖన్నా గారు ట్రక్కు వెనకే ఇంకో కారులో వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇంజన్‌లో ఆయిల్ లేదు. నిన్న గుర్గావ్ రోడ్డు మీద నడిమధ్యలో ఆగిపోయింది. స్పేర్‌గా ఇచ్చిన ఆయిల్ టిన్నులు డిక్కీలో ఖాళీగా ఉన్నాయి. నా డ్రైవర్ అమ్ముకున్నాడు. మీరు ఇంజన్ విప్పి, ఆయిల్ లేక పాడైందని రిపోర్టు ఇవ్వండి. దాన్ని పట్టుకుని నేను థానాకు వెళ్తాను."

"సార్, ఆయిల్ లేకుండా నడిపారని రాస్తే కంపెనీ వారంటీ ఇవ్వదు," అన్నాను.

"దొంగతనం జరిగితే నా తప్పెలా అవుతుంది? ఇంజన్ కొత్తది వెయ్యాలి, వాడు జైలుకు వెళ్ళాలి."

అవ్వా కావాలి, బువ్వా కావాలి అనేవాళ్ళను నేను రోజూ చూస్తూనే ఉంటాను. కాని ఈసారి నేను రాసే వాక్యం ఒక మనిషిని లాకప్‌కు పంపేలా ఉంది. అది నాకు నచ్చలేదు. కంపెనీ టెక్నికల్ ఇంజనీరు బొంబాయి నుంచి వచ్చి ఎదురుగా నిలబడితే తప్ప ఇంజన్ ముట్టుకోకూడదనే నియమం ఉంది. ఆ మాటే చెప్పి పంపించాను.

మర్నాడు ఉదయం మా గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పొట్టిగా కత్తిరించిన జుట్టు, నిటారైన నడుము. సైన్యంలో పనిచేసిన మనిషని చూడగానే తెలిసిపోతుంది. ఖన్నా గారి డ్రైవర్నని గార్డుతో హిందీలో చెబుతున్నాడు. పేరు సింహాచలం అన్నాడు. ఆ పేరు వినగానే నేను తెలుగులో పలకరించాను. ఆయన ముఖం మారిపోయింది.

"అమ్మా, తవరు మనోళ్ళేనా," అన్నాడు. "నాది సీకాకుళం కాడ, తల్లీ. మిలట్రీలో లారీ నడిపినాను. లేహ్ ఎల్లినాను, తవాంగ్ ఎల్లినాను. ఒక్క మాట పడనేదు. ఇప్పుడు నూనె అమ్ముకున్నానంతన్నారు."

క్యాంటీన్‌లో టీ ఇప్పించి జరిగింది అడిగాను. కొన్ని వారాలుగా ఆయిల్ మట్టం దిగిపోతూ వచ్చిందట. రోజూ పొద్దున్నే డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే ఇనప పుల్ల, తీసి చూడటం ఆయనకు సైన్యంలో అబ్బిన అలవాటు. తగ్గినప్పుడల్లా డిక్కీలోని టిన్నుల్లోంచి పోస్తూ వచ్చాడు. అందుకే అవి ఖాళీ అయ్యాయి.

"ఖన్నా గారికి చెప్పలేదా?"

"సెప్పినానమ్మా. పొగ కూడా వొస్తన్నాదని సెప్పినాను. కొత్త బండికి పొగేటి, నీకు కళ్ళు కనపడతన్నాయా అన్నారు. మొన్న మీటరు కాడ ఎర్ర లైటు ఎలిగింది. ఎలగ్గానే బండి పక్కకి తీసి ఆపీసినాను. దానికి కూడా తిట్టినారు."

"తర్వాత?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇంటికెల్లాక గేటు కాడ నిలబెట్టీసి సోర్ అన్నారు, దొంగోడన్నారు. వాచ్‌మేన్, వంటోడు, మాలీ, అందరూ ఉన్నారు. నా ఇంటిది క్వార్టరు గుమ్మంలో ఉంది. గుంటలిద్దరూ బడి నుంచి అప్పుడే వొచ్చినారు. రిపోర్టు రాగానే క్వార్టరు ఒగ్గీమన్నారు. పెద్ద గుంట పదో తరగతమ్మా."

ఆయన మాట నమ్మాను. కాని వారంటీ విభాగంలో నమ్మకానికి చోటు లేదు, ఇంజన్ ఏం చెబితే అదే. ఇంజనీరు వచ్చే రోజున మీరూ రండి అని మాత్రం అన్నాను.

ఆ ఇంజనీరు దేశ్‌పాండే. తక్కువ మాట్లాడే మనిషి. చూసిన వెంటనే ఏదీ తేల్చడు, తేల్చాక మాట మార్చడు. ఆయన వచ్చిన రోజు ఖన్నా గారు ముందే వచ్చి వర్క్‌షాప్ పక్కన ఏసీ గదిలో కూర్చున్నారు. మా సేల్స్ మేనేజర్ ఆయనకు కూల్‌డ్రింకు అందిస్తూ, నా వైపు చూసి కళ్ళతోనే ఏదో హెచ్చరించాడు. మంచి కస్టమరు, జాగ్రత్త అని దాని అర్థం. సింహాచలాన్ని గార్డు యథాప్రకారం గేటు దగ్గరే ఆపేశాడు. నేనే వెళ్ళి లోపలికి తీసుకొచ్చి కార్లను పైకెత్తే లిఫ్టుకు దూరంగా నిలబెట్టాను. ఖన్నా గారు అద్దంలోంచి చూసి బయటికొచ్చారు.

"వీడెందుకు ఇక్కడ?"

"బండి నడిపిన మనిషి, సార్. ఏమైనా అడగాల్సి వస్తే ఎదురుగా ఉండాలి," అన్నాను. దేశ్‌పాండే తలూపడంతో ఆయన ఊరుకున్నారు.

ముందుగా ఇంజన్‌లో మిగిలిన ఆయిల్ కిందికి దింపాం. ట్రే అడుగు తడిసేంత వచ్చిందంతే. ఖన్నా గారు చూశారుగా అన్నట్టు "దేఖా?" అన్నారు. సింహాచలం అటెన్షన్‌లో నిలబడినట్టే నిలబడి ఉన్నాడు, మెడ మీద చెమట మాత్రం ధారగా కారుతోంది. కంప్రెషన్ టెస్టు చేశాం. సిలిండర్లు గాలిని ఎంత గట్టిగా పట్టి ఉంచుతున్నాయో చూసే పరీక్ష అది. అన్నీ బాగానే ఉన్నాయి. ఎర్ర లైటు వెలగ్గానే ఆపేయబట్టి అసలు ఇంజన్ బతికిపోయింది. మరి ఆయిల్ ఎటు పోయింది?

నాకు ఒక అనుమానం ఉంది. అది టర్బో ఇంజన్. టర్బోఛార్జర్ అంటే పొగగొట్టంలోంచి పోయే వేడి గాలితో తిరిగే చిన్న చక్రం. ఆ తిరుగుడుతో అది ఇంజన్‌లోకి అదనపు గాలిని దట్టిస్తుంది, బండికి ఆ పరుగంతా దాని చలవే. ఆ గాలిని చల్లబరిచే డబ్బాను ఇంటర్‌కూలర్ అంటారు. అక్కడ గాలి తప్ప ఇంకేమీ ఉండకూడదు.

"సార్, ముందు ఇంటర్‌కూలర్ గొట్టం తీయిద్దామా?" అని దేశ్‌పాండేని అడిగాను.

మెకానిక్ క్లిప్పు వదులు చేసి గొట్టం లాగాడు. నల్లటి ఆయిల్ బొళబొళమని ట్రేలోకి కారింది. కారుతూనే ఉంది. దేశ్‌పాండే ఖన్నా గారి వైపు తిరిగి, "ఆయిల్ ఎవరూ అమ్ముకోలేదు. టర్బో సీలు పోయి ఇటు కారింది, మిగిలింది పొగగొట్టంలో కాలిపోయింది," అన్నాడు.

సింహాచలానికి తెలుగులో చెప్పాను. ఆయన కళ్ళు ఒకసారి మూసి తెరిచాడు. అంతటితో కథ అయిపోయి ఉంటే బాగుండేది. కాని సీలు ఎందుకు పోయిందో తేలందే వారంటీ తేలదు. టర్బోను దింపి విప్పించాం. ఇరుసు చుట్టూ, ఆయిల్ వచ్చే దారి పొడవునా, అడుగంటిన గిన్నెలో మాడులాగా నల్లటి పెచ్చు గట్టిపడి ఉంది.

"హాట్ షట్‌డౌన్," అన్నాడు దేశ్‌పాండే.

వేడి మీద ఉండగానే ఇంజన్ ఆపెయ్యడమని దాని అర్థం. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాని ఇరుసు ఆయిల్ మీద తేలుతూ ఉంటుంది. బండి ఆపే ముందు ఒక నిమిషం ఊరికే నడవనిచ్చి, వేగం తగ్గి చల్లబడ్డాక కీ తిప్పాలి. మంచి వేగంలో ఉండగా ఆపేస్తే ఇంజన్ ఆగిపోతుంది, ఆయిల్ రావడం ఆగిపోతుంది, చక్రం మాత్రం పొడిగా తిరుగుతూనే ఉంటుంది. ఆ వేడికి ఇరుసులోని ఆయిల్ మాడి బొగ్గవుతుంది. అంటే ఇది కంపెనీ లోపం కాదు, ఆపినవాడి తప్పు. దొంగ అన్న మాట పోయి, నాశనం చేశాడన్న మాట వచ్చిపడేలా ఉంది. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే.

ఖన్నా గారికి ఇంత సాంకేతికం అక్కర్లేకపోయింది. "అంటే తప్పు వీడిదే కదా?" అన్నారు.

దేశ్‌పాండే యార్డులో ఉన్న ఒక డెమో కారు కీ తెప్పించి సింహాచలం చేతికిచ్చాడు. "భయ్యా, దీన్ని ఒక రౌండు తిప్పి ఆ గోడ పక్కన పెట్టు. ఇంటి దగ్గర ఎలా ఆపుతావో అలాగే ఆపు."

సింహాచలం కీ తీసుకుని నా వైపు చూశాడు. తెలుగు అర్థమయ్యేవాళ్ళు అక్కడ మేమిద్దరమే. "ఏటి సెయ్యమంతారమ్మా?" అని మెల్లిగా అడిగాడు.

ఆయన ఏం చెయ్యబోతున్నాడో నాకు తెలుసు. పాత లారీలు, అంబాసిడర్లు నడిపిన ప్రతి డ్రైవరుకూ ఆ అలవాటు ఉంటుంది. బండి ఆపే ముందు యాక్సిలరేటరు గట్టిగా తొక్కి ఒక రేసు ఇచ్చి, ఆ ఊపులోనే కీ తిప్పేస్తారు. అలా చేస్తే మర్నాడు సులువుగా స్టార్టవుతుందని నమ్మకం. 'రేసు ఇవ్వకండి, ఊరికే ఆపండి' అని నేను ఒక్క మాట అంటే చాలు. ఎవరికీ అర్థం కాదు, ఎవరూ పట్టుకోలేరు. ఆయన క్వార్టరు నిలబడుతుంది, పిల్ల పదో తరగతి గట్టెక్కుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ మాట అంటే, నూనె అమ్ముకోలేదని ఇంతకుముందు ఇంజన్ చెప్పిన నిజాన్ని కూడా నేనే పాడుచేసినట్టవుతుందని అనిపించింది.

"మీరు రోజూ ఎలా ఆపుతారో అలాగే ఆపండి, సింహాచలం గారూ," అన్నాను.

ఆయన కారు తిప్పి తెచ్చాడు. గోడ పక్కన జానెడు ఖాళీ కూడా వృథా చెయ్యకుండా పొందిగ్గా పెట్టాడు. హ్యాండ్‌బ్రేక్ వేశాడు. ఆ తర్వాత ఇంజన్ ఒక్కసారి గుర్రుమని యార్డంతా మోగేలా అరిచింది, ఆ అరుపు మధ్యలోనే ఆగిపోయింది. వర్క్‌షాప్‌లో మెకానిక్‌లు కూడా తల తిప్పి చూశారు. ఆయన దిగి వచ్చి కీ దేశ్‌పాండేకి ఇచ్చాడు, పని సరిగ్గా చేశానన్న తృప్తితో.

"ఇలా ఆపమని ఎవరు నేర్పారు?"

"ఉస్తాద్ నే, సాబ్. లేహ్ మే. ఆఖరీ రేస్ దో, సుబహ్ ఏక్ సెల్ఫ్ మే స్టార్ట్." ఒక్క సెల్ఫ్‌తో పొద్దున్నే స్టార్టవుతుందని, తన గురువు అక్కడి చలిలో నేర్పిన పాఠం.

"ఈ బండిని అలా ఆపకూడదని ఇక్కడ ఎవరూ చెప్పలేదా?"

"డెలివరీ కే దిన్ మై గేట్ పే థా, సాబ్. డ్రైవర్ లోగ్ అందర్ నహీ జాతే."

నిజమే. షోరూమ్ అద్దాల తలుపు దాటి డ్రైవర్లు లోపలికి రాకూడదని మా దగ్గర ఎక్కడా రాసి లేదు, కాని గార్డు రానివ్వడు. లోపల సోఫా మీద యజమానికి మిఠాయి పెట్టి, పూలగుత్తి ఇచ్చి, బండి సంగతులన్నీ ఇంగ్లీషులో చక్కగా వివరిస్తారు. నడపబోయే మనిషి బయట ఎండలో బఠాణీలు నములుతూ ఉంటాడు.

దేశ్‌పాండే మా సేల్స్ మేనేజర్ని చూశాడు. "ఒక నిమిషం ఆగి ఆపాలన్న సంగతి చెప్పారా?"

"చెప్పాం సార్. సార్‌కి వివరంగా చెప్పాం," అన్నాడు మేనేజర్, ఖన్నా గారిని చూపిస్తూ.

"మిస్టర్ ఖన్నా, మీకు చెప్పారా?"

"హా... కుఛ్ కహా థా." ఏదో చెప్పారట.

"మీరు డ్రైవరుకు చెప్పారా?"

ఖన్నా గారు జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఆ పూట అందరి వాటా అందరికీ అందింది. దేశ్‌పాండే, ఈ బండి మాన్యువల్ రాసినవాళ్ళ దేశంలో కొన్నవాడే నడుపుతాడు, ఇక్కడి సంగతి మేమూ ఆలోచించలేదు అన్నాడు. గుడ్‌విల్ కింద, అంటే నియమం ఒప్పుకోకపోయినా కంపెనీ తన ఇష్టపూర్వకంగా, టర్బో మార్చి ఇస్తుందని చెప్పాడు.

ఖన్నా గారి ముఖం తేటపడింది. పెద్దమనసు చూపిస్తున్నట్టు సింహాచలం వైపు తిరిగి, "చలో ఠీక్ హై. కల్ సే ఆ జానా," అని, రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు.

పీడ విరగడైందని నేను అనుకున్నాను. సింహాచలం కదల్లేదు.

"సాబ్," అన్నాడు హిందీలో, గొంతు పెంచకుండా. "రేసు ఇచ్చింది నేనే. తిట్టండి, పడతాను. కాని చోర్ అన్నది గేటు దగ్గర, అందరి ముందు అన్నారు. చోర్ కాదని కూడా అక్కడే చెప్పండి. అప్పుడు వస్తాను."

ఖన్నా గారు ఎర్రబడ్డారు. "నాకే షరతులు పెడుతున్నావా?" అని విసురుగా వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది, దాచుకోను, అది సింహాచలం మీదే. చేతికొచ్చిన ఉద్యోగం, నెత్తిమీది కప్పు ఎందుకండీ కాలదన్నుకుంటారు, ఆయన పనివ్వడమే ఒప్పుకున్నట్టు కదా, సర్దుకుపోవచ్చు కదా అని అక్కడికక్కడే అడిగేశాను.

"నాకైతే సాలునమ్మా," అన్నాడాయన. "గుంటలు బడి మానీసినారు. వంటోడి పిల్లలు బస్సులో సోర్ కీ బేటీ అంతన్నారంట. ఆలకి నేనేటి సెప్పీది? సర్దుకుపోండని సెప్పీదా?"

ఆయన్ని గేటు దాకా దిగబెట్టి వచ్చాను.

టర్బో సముద్రం దాటి రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా క్వార్టరు ఖాళీ చేయించలేదని, పనిలోకీ పిలవలేదని సింహాచలం ఫోన్‌లో చెప్పాడు. ఏజెన్సీ నుంచి తాత్కాలికంగా ఎవరో డ్రైవరు వస్తున్నాడట. బండి సిద్ధమయ్యాక ఖన్నా గారికి నేనే ఫోన్ చేశాను.

"సార్, ఈసారి డెలివరీ బండి నడిపే మనిషికే ఇస్తాం. అలా కాకుండా ఇంకోసారి టర్బో పోతే కంపెనీ ఒప్పుకోదు. ఎవరిని పంపిస్తారు?"

ఏజెన్సీ డ్రైవరు అప్పటికే వాళ్ళ ఇంకో కారు బంపరు నలగ్గొట్టాడని నాకు తర్వాత తెలిసింది. "సింహాచలాన్ని పంపిస్తాను. మీరు కూడా బండిలో రండి," అన్నారు చివరికి.

ఆ రోజు సింహాచలాన్ని షోరూమ్ లోపలికి తీసుకొచ్చి సోఫా మీద కూర్చోబెట్టి అన్నీ తెలుగులో చెప్పాను. సైనికుడు ఆర్డరు అప్పజెప్పినట్టు ప్రతి మాటా తిరిగి చెప్పాడు. తర్వాత ఇద్దరం ఛత్తర్‌పూర్ వెళ్ళాం. అక్కడ ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలియదు. గేటు బయట బండి నిలిపి, ఇంజన్ ఆపకుండా, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. లోపలికి మాత్రం పోనివ్వలేదు.

కాసేపటికి ఖన్నా గారే నడుచుకుంటూ వచ్చారు. వాచ్‌మేన్‌ని, వంటవాణ్ణి, మాలీని కేకేశారు. క్వార్టరు గుమ్మంలో సింహాచలం భార్య, వెనకగా ఇద్దరు పిల్లలు కనిపించారు. ఖన్నా గారు ఎవరి వైపూ చూడకుండా, "తేల్ ఇస్‌నే నహీ బేచా థా. గాడీ మే ఖరాబీ థీ. మైనే గలత్ కహా థా," అన్నారు. నూనె ఇతను అమ్మలేదు, లోపం బండిలో ఉంది, నేను తప్పుగా అన్నాను. అంతే, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నాకు ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపంలో సగం పోయింది. ఆ మాట అనడం ఆయనకు తేలికైన పని కాదు.

పెద్దమ్మాయి గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి కారు తలుపు పట్టుకుని నిలబడింది. తండ్రితో తెలుగులో కాదు, హిందీలో, "పాపా, కల్ స్కూల్ జావూఁ?" అని, రేపు బడికి వెళ్ళనా అని అడిగింది. ఆయన తలూపాడు. నేను ముఖం అటు తిప్పుకున్నాను.

ఆ తర్వాత ఎన్నో బండ్లు డెలివరీ ఇచ్చాను. ప్రతిసారీ ముందు అడిగేది 'నడిపేది ఎవరు' అని, ఆ మనిషి లోపలికొచ్చి కూర్చున్నాకే మాట మొదలుపెట్టేదాన్ని. మా షోరూమ్ గార్డుకు ఇది అలవాటు చెయ్యడానికి చాలా రోజులు పట్టింది. వృత్తిపరంగా నేర్చుకున్న పాఠం అదే అని అడిగినవాళ్ళకు చెబుతుంటాను. కాని నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది వేరే ఉంది. ఆ బండికి వారంటీ గడువు ఇంకా మిగిలి ఉండబట్టి ఇంజన్ విప్పాం. అది దాటిపోయి ఉంటే ఖన్నా గారు డబ్బు పారేసి కొత్త ఇంజన్ వేయించుకునేవారు, ఆ గొట్టం విప్పి చూడాల్సిన అవసరం ఎవరికీ ఉండేది కాదు, సింహాచలం దొంగగానే ఆ గేటు దాటి వెళ్ళిపోయేవాడు.